విల్లు రెక్కలకు వంపు కుదర్చడం ఎలా?

“పై రెక్క బాగా వంగుతోంది, కింది రెక్క బిగుసుకుపోయి ఉంది. ఎక్కడ చెక్కాలి?” రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు తెలుగు కుర్రాళ్లు నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇదే. చైత్రం దగ్గరపడి ఏజెన్సీలో విల్లంబులతో వేటకు కదిలే ఇటుకల పండుగ మాట వినబడితే ఇంకా ఎక్కువ మంది అడుగుతారు. కొందరు జాతీయ పోటీల్లో వెదురు, కర్ర విళ్లకు ఉన్న ఇండియన్ రౌండ్ కోసం సాధన చేస్తున్నవాళ్లు. ఇంకొందరు కువి, సవర గిరిజనుల ఇళ్ల పక్కనే పెరిగి, చూరు కింద దోపి ఉంచిన విల్లు చూసి తామూ ఒకటి చెయ్యాలనుకున్నవాళ్లు. అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను. వంగుతున్న చోట ఇక చెయ్యి పెట్టకండి. వంగని చోటే గీకండి. గీకిన ప్రతిసారీ పాతిక సార్లు లాగి, మెల్లగా దింపి, ఆ తర్వాతే వంపు చూడండి. కింద రాసిందంతా ఈ మూడింటినీ ఎలా పాటించాలన్నదే.

వేట కోసం అడిగేవాళ్లకు ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువులను వేటాడడం నేరం. ఇక్కడ చెప్పే విల్లు గురి సాధనకు, పోటీకి, పండుగ ఆటకు మాత్రమే.

పేర్లు

విల్లు మధ్య పట్టుకునేది పిడి. దానికి పైన, కింద ఉన్నవి రెక్కలు. గురి వైపు చూసే ముఖం వీపు, మన వైపు చూసే ముఖం పొట్ట. అల్లెతాడు తగిలే గంటు ఉన్న కొసలు కొప్పులు. విల్లు లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నొక్కుకుపోతుంది. అందుకే వీపు మీద నార తెగకూడదు, వంపు సరిచేసే పనంతా పొట్ట మీదే జరగాలి.

కావలసినవి

- కర్ర లేదా వెదురు బద్ద, మీ బార పొడవు కంటే రెండు మూడు అంగుళాలు ఎక్కువ
- బాడిస లేదా కొడవలి, చిత్రిక, చెక్క ఆకురాయి
- గీకడానికి గాజు పెంకు (గుడ్డ చుట్టి పట్టుకోవాలి) లేదా పాత రంపపు బ్లేడు ముక్క
- 80, 120, 220 నంబర్ల ఉప్పు కాగితం
- పెన్సిల్, టేపు, ఆరంగుళాల పొడవున్న తిన్నని చెక్క ముక్క
- కొక్కెం ఉన్న వేలాడే కాటా, 25 కిలోల వరకు తూగేది
- ఒక గిలక, నాలుగైదు బారల తాడు
- సాగని గట్టి దారంతో పేనిన అల్లెతాడు. పాలిస్టర్ దారం బాగుంటుంది. నైలాన్ సాగుతుంది కాబట్టి దానితో కొలతలు నమ్మలేం.
- కళ్లకు అద్దాలు. మోటారు సైకిల్ మీద పెట్టుకునేవి చాలు.

కాటా కొనడానికి చాలామంది వెనకాడతారు. అది లేకపోతే ఎంత బలంతో లాగుతున్నారో మీకు తెలియదు. ఎక్కువ విళ్లు పాడయ్యేది అక్కడే. ఉల్లిపాయల వ్యాపారి దగ్గర అరువు తెచ్చుకున్నా సరే, కాటా లేకుండా పని మొదలుపెట్టకండి.

1. బద్ద ఎంచుకోండి, ఆరనివ్వండి

మన వైపు దొరికే కర్రల్లో నాకు నచ్చేది చరచి. ఒడియాలో ధమణ అంటారు. కావడి బద్దలకు, గొడ్డలి కామలకు వాడే కర్ర ఇదే. వంగి మళ్లీ లేస్తుంది. టేకు చెక్కడానికి సుఖం గానీ మొదటి విల్లుకు వద్దు, వంపులో పుటుక్కున విరుగుతుంది. నీలగిరిలో నార మెలి తిరిగి ఉంటుంది, అదీ వద్దు.

కర్రను రంపంతో కోయించకండి, ఉలి మొనలా ఉండే లావు మేకులు కొట్టి చీల్చండి. చీలిక నార వెంటే పోతుంది. రంపం నారను అడ్డంగా తెంపుతుంది. చీలిక మెలి తిరిగి వస్తే ఆ కర్ర విల్లుకు పనికిరాదు, ఇంకోటి చూసుకోండి. బెరడు జాగ్రత్తగా ఒలిచాక కనిపించే నునుపు ముఖమే మీ విల్లు వీపు. దాన్ని కత్తితో తాకకండి.

వెదురైతే మూడేళ్లు దాటిన గడ, గోడ మందం అరంగుళానికి తగ్గనిది కావాలి. గట్టి వెదురును, అంటే సాదనం వెదురును, నడిమికి చీల్చి వాడితే మంచిది. వర్షాలు పోయాక, చలికాలంలో కోసిన వెదురుకు పుచ్చు తక్కువ. మన పెద్దలు అమావాస్య చూసి కోస్తారు. ఆ పట్టింపు ఉంటే పాటించండి, కానీ కాలం మాత్రం తప్పనివ్వకండి. అటవీ భూమి కాని చోట పెరిగిన వెదురును 2017 భారత అటవీ చట్ట సవరణలో చెట్ల నిర్వచనం నుంచి తీసేశారు. సొంత గట్టు మీది గడ వాడుకోండి. అడవిలోదైతే అనుమతి తీసుకోండి.

కర్ర కొసలకు ఫెవికాల్ గానీ రంగు గానీ పూసి, నీడలో, గాలి ఆడేచోట అడ్డంగా పడుకోబెట్టండి. ఆరిందా లేదా అని చేత్తో పట్టుకుని చెప్పలేరు. వారానికోసారి తూచండి. వరసగా మూడు వారాలు బరువు తగ్గకపోతే ఆరినట్టు. పచ్చి కర్రను వంచితే విరగదు, కానీ వంగినచోటే ఉండిపోతుంది. అలాంటి విల్లుకు తర్వాత ఎంత చేసినా ఊపు రాదు.

2. గీత గీసి రూపు తెండి

ముందు మీ లాగుడు, అంటే తాడును పిడి నుంచి ఎంత దూరం లాగుతారో, చూసుకోండి. రెండు చేతులూ బార్లా చాపి, వేలి కొస నుంచి వేలి కొస దాకా కొలిచి, 2.5తో భాగించండి. 65 అంగుళాలు వస్తే లాగుడు 26 అంగుళాలు. విల్లు పొడవు లాగుడుకు రెండున్నర రెట్లకు తగ్గకూడదు, అంటే మళ్లీ మీ బార అంతే. పిడి దగ్గర వంగదు కాబట్టి మొదటి విల్లుకు ఇంకో రెండంగుళాలు కలుపుకోండి.

67 అంగుళాల చరచి విల్లుకు నేను గీసే కొలతలు ఇవి. పిడి నాలుగు అంగుళాలు. పిడి మధ్యగీత విల్లు మధ్యగీతకు ఒక అంగుళం కిందికి. అప్పుడు బాణం విల్లు నడిమికి దగ్గరగా పోతుంది, కింది రెక్క కాస్త పొట్టిగా ఉంటుంది. పిడి దాటిన వెంటనే వెడల్పు ఒకటిముప్పావు అంగుళం. అక్కడి నుంచి కొస దాకా తిన్నగా సన్నబడుతూ కొప్పు దగ్గర అరంగుళానికి కొంచెం ఎక్కువ. మందం పిడి పక్కన ఐదు నూళ్లు, కొసల దగ్గర నాలుగు నూళ్లు. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వడ్రంగిని అడిగితే టేపు మీద చూపిస్తాడు. ఇవి మొదలుపెట్టే కొలతలు. పూర్తయ్యేసరికి ఒక్కో నూలు వరకు తగ్గుతాయి.

పిడి నుంచి రెక్కలోకి మెట్టులా దిగకూడదు. రెండు అంగుళాల పొడవునా వాలుగా దింపండి. మెట్టు ఉన్నచోటే మొదటి మడత పడుతుంది.

వెదురైతే పచ్చటి పై తోలు వీపు. పని పొట్ట వైపు, లోపలి మెత్తటి భాగం మీద. కణుపుల దగ్గర లోపలి అడ్డుగోడను నునుపు చెయ్యండి గానీ వీపు వైపు కణుపు ఉబ్బు అలాగే ఉంచండి. బలమంతా బయటి పొరలో ఉంటుంది కాబట్టి వెదురు రెక్కను వెడల్పు తగ్గిస్తూ సన్నబరచడమే మేలు. గడ మొదలు వైపు గోడ మందంగా ఉంటుంది. దాన్ని కింది రెక్కగా పెట్టుకోండి, అది మొదట్లో బిగువుగానే ఉంటుందని గుర్తుంచుకోండి.

వీపు అంచులు రెండూ ఇప్పుడే గుండ్రంగా రుద్దేయండి. పదునుగా ఉన్న అంచు నుంచే పేడు లేస్తుంది.

3. నేల మీద నొక్కి చూడండి

కొస నేలకు ఆనించి, ఒక చెయ్యి పిడి మీద, ఒక చెయ్యి పై కొస దగ్గర పెట్టి మెల్లగా నొక్కండి. పొట్ట లోపలికి వంగాలి. తర్వాత విల్లు తిరగేసి రెండో రెక్క. రెండూ చేతికి ఒకేలా తగులుతున్నాయా? ఒకే ఎత్తులో వంపు మొదలవుతోందా? ఇక్కడ ఆకురాయి, చిత్రిక వాడొచ్చు. రెండు రెక్కలూ ఒక అంగుళమో రెండో కదిలేదాకా తీయండి, అంతకుమించి వద్దు. ఆ తర్వాత చిత్రిక పక్కన పెట్టేయండి. ఇక్కడి నుంచి గాజు పెంకే.

4. వదులు తాడుతో మొదటి వంపు

ఒక గట్టి స్తంభానికి, ఛాతీ ఎత్తులో, పిడి కూర్చునేలా ఒక చెక్క బిగించండి. స్తంభం మొదట్లో గిలక. విల్లును పొట్ట కిందికి ఉండేలా చెక్క మీద పెట్టి, కొప్పుల మధ్య తాడు కట్టండి. విల్లు అంత పొడవే ఉండాలి, వేలాడకూడదు. మరీ వేలాడే తాడు కొసలను లోపలికి కాకుండా కిందికి లాగుతుంది, అప్పుడు మీరు చూసే వంపు అబద్ధం. ఆ తాడుకు కొక్కెం తగిలించి, కొక్కేనికి కట్టిన లాగే తాడును గిలక కిందుగా పోనిచ్చి, కాటా మధ్యలో కట్టి, నాలుగు అడుగుల దూరంలో నిలబడి లాగండి. విరిగితే ముక్కలు మీ మీదికి రావు, పైగా మొత్తం వంపు కళ్లకు కనిపిస్తుంది. వెనక గోడ మీద బొగ్గుతో అంగుళం అంగుళానికి అడ్డగీతలు గీస్తే ఏ కొస ఎంత దిగిందో వెంటనే తెలుస్తుంది.

చాలామంది పొరబడేది ఒకటుంది. కొక్కెం తాడు నడిమిన తగిలించకండి. బాణం వేసేటప్పుడు మీ వేళ్లు ఎక్కడ ఉంటాయో అక్కడ తగిలించండి. పిడి కింద ఆనిక కూడా మీ అరచెయ్యి నొక్కేచోటే ఉండాలి. లేకపోతే స్తంభం మీద సరిగ్గా కనబడిన విల్లు చేతిలోకి రాగానే వంకర పోతుంది. లాగుతున్నప్పుడు కొక్కెం నిటారుగా దిగాలి. ఒక పక్కకు జరుగుతోందంటే ఆ పక్క రెక్క గట్టిగా ఉందని అర్థం.

ఈ దశలో కొసలు నాలుగైదు అంగుళాలు దిగి, రెండూ సమంగా ఉంటే చాలు.

5. తక్కువ ఎత్తులో ఎక్కుపెట్టండి

తాడు పొట్టి చేసి, పిడికీ తాడుకూ మధ్య రెండు మూడు అంగుళాలు ఉండేలా ఎక్కుపెట్టండి. విల్లు మధ్యలోకి కాలు దూర్చి ఎక్కుపెట్టే అలవాటు ఉంటే మానండి, కింది రెక్క మెలి తిరుగుతుంది. కింది కొసను పాదం పక్కన మెత్తటి దాని మీద ఆనించి, పిడిని లాగుతూ పై కొసను నొక్కి తాడు జరపండి. కుదరకపోతే ఇంకొకరి సాయం తీసుకోండి. చచ్చేంత బలం పెట్టాల్సి వస్తోందంటే విల్లు ఇంకా సిద్ధంగా లేదు, నాలుగో దశకు వెళ్లండి.

ఎక్కుపెట్టాక విల్లును కంటి ముందు నిలువుగా పట్టి చూడండి. తాడు పిడి నడిమి మీదుగా పోవాలి. పక్కకు పోతే, తాడు ఎటు రావాలో ఆ పక్క పొట్ట అంచున గీకండి. తాడు ఎడమకు పోయి ఉంటే కుడి అంచు. ఏ రెక్క తప్పు చేస్తోందో చూసుకుని ఆ రెక్కలోనే చెయ్యండి. ఒక నూలు తేడా అయితే కొప్పు గంటును ఒక పక్క కాస్త లోతు చేస్తే సరిపోతుంది.

6. లాగుతూ సరిచేయండి

అసలు పని ఇది. ఒక పూటలో అవ్వాలని పెట్టుకోకండి.

ఎంత బరువు విల్లు కావాలో, అంటే నిండుగా లాగినప్పుడు కాటా ఎన్ని కిలోలు చూపాలో, ముందే గోడ మీద రాసుకోండి. మొదటి విల్లుకు 12 నుంచి 15 కిలోలు చాలు. పన్నెండేళ్ల పిల్లలకు 6, 7 కిలోలు. 15 అనుకున్నారంటే, విల్లు పూర్తయ్యేదాకా కాటా ముల్లు 15 దాటకూడదు. ఎనిమిది అంగుళాల దగ్గరే 15 చూపిస్తే అక్కడే ఆగండి, సరిచేసి గీకండి, అప్పుడు పది అంగుళాలకు వస్తుంది. “ఒక్కసారి పూర్తిగా లాగి చూద్దాం” అనే కోరిక అందరికీ వస్తుంది. వంపు కుదరని రెక్కను అలా లాగితే బలహీనంగా ఉన్నచోట పొట్ట నార నలిగిపోతుంది. పైకి ఏమీ కనబడదు. నష్టం మాత్రం అక్కడే జరిగిపోయింది.

ప్రతి విడతా ఇలా సాగాలి:

మొదట విల్లు లాగి, తాడు బిగించి, దూరంగా వచ్చి చూడండి. రెక్క మొత్తం ఒక్క నిండు వంపులో ఉండాలి. పిడి పక్కన నాలుగైదు అంగుళాలు కొద్దిగానే వంగాలి, కొసల దగ్గర ఆరేడు అంగుళాలు దాదాపు తిన్నగా ఉండాలి, మధ్యభాగం సమంగా వంగాలి. మా వైపు ఎక్కువగా కనిపించే తప్పు కొసలు ఎక్కువగా వంగి, పిడి పక్కన బిగుసుకుపోవడం. చెయ్యి కొసల దగ్గర సులువుగా ఆడుతుంది కాబట్టి అక్కడే ఎక్కువ గీకేస్తారు.

కన్ను మోసపోతుంది. అందుకే ఆరంగుళాల తిన్నని చెక్క ముక్క. విల్లు లాగి ఉంచినప్పుడు ఆ ముక్కను పొట్ట మీద ఆనించి పిడి నుంచి కొస దాకా జరపండి. చెక్కకూ పొట్టకూ మధ్య వెలుగు కనిపిస్తుంది. ఎక్కువ వెలుగు ఉన్నచోట ఎక్కువ వంపు. వెలుగు లేనిచోట రెక్క తిన్నగా, గట్టిగా ఉంది. ఈ పని చేసేటప్పుడు తాడు గట్టిగా కట్టేసి, విల్లుకు పక్కగా నిలబడండి, తాడుకు ఎదురుగా కాదు. లాగుడు సగానికి మించి ఉంటే చెక్క ముక్క జోలికి పోకండి, ఫోన్లో ఫొటో తీసి చూసుకోండి.

తర్వాత విల్లు దింపి, గట్టిగా ఉన్న చోట్ల పెన్సిల్‌తో అడ్డగీతలు గీయండి. ఎక్కువ వంగుతున్న చోట పెద్ద గుణకారం గుర్తు పెట్టండి. ఆ గుర్తు ఉన్నచోటికి గాజు పెంకు పోకూడదు, విల్లు పూర్తయ్యేదాకా పోకూడదు. పోయిన కర్రను తిరిగి పెట్టలేం కాబట్టి బలహీనమైన చోటుకు ఉన్న ఒకే మందు మిగతా చోట్లను దాని దాకా తీసుకురావడం. బరువు కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. 15 కిలోల వంకర విల్లు కంటే 12 కిలోల నిండు వంపు విల్లు బాణాన్ని తిన్నగా పంపుతుంది, ఎక్కువ కాలం బతుకుతుంది.

గీకేటప్పుడు పొడవాటి గీతలు పెట్టండి. ఒకేచోట పొట్టిగా గీకితే గుంట పడుతుంది. పెన్సిల్ గీతలు మొత్తం పోయేలా పదిహేను గీతలు, వెడల్పంతా సమానంగా. అంతే, ఆపండి.

ఇప్పుడు మళ్లీ ఎక్కుపెట్టి, ఇంతకుముందు లాగినంతే పాతిక సార్లు లాగి దింపండి. లాగిన తాడును గుప్పున వదలకండి, బాణం లేకుండా వదిలితే విల్లు పగులుతుంది. కర్ర గీకిన వెంటనే మారదు, కొన్నిసార్లు వంగాకే కొత్త వంపు చూపిస్తుంది. ఈ పాతిక సార్లు లాగకుండా “ఇంకా గట్టిగానే ఉంది” అని మళ్లీ గీకేవాళ్లకు సాయంత్రానికి ఆ చోటే మడత అవుతుంది. తొందరపడ్డ చెయ్యి ఎక్కడ ఆగాలో నేర్పేది ఈ పాతిక సార్లే. దయచేసి మానకండి.

రెండు రెక్కలూ సమం అయితే ఇంకో అంగుళం, రెండు అంగుళాలు లాగండి. మళ్లీ చూడండి. పన్నెండు అంగుళాల లాగుడు దాటాక వంపు బాగుంటే, తాడు ఇంకా బిగించి, పిడికీ తాడుకూ మధ్య ఐదున్నర, ఆరు అంగుళాలు వచ్చేలా ఎక్కుపెట్టండి. తాడు పొడవు కొప్పుల మధ్య దూరం కంటే మూడు అంగుళాల దాకా తక్కువ ఉంటుంది.

రెండు రెక్కల మధ్య తూకం

ఎక్కుపెట్టిన విల్లును పొట్ట పైకి పెట్టి, పిడి వాలు ముగిసిన చోట నుంచి తాడు దాకా పైనా కిందా కొలవండి. రెండు వేళ్లు బాణం కింద, ఒక వేలు పైన పెట్టి లాగేవాళ్లకు పై కొలత ఒక నూలు, ఒకటిన్నర నూలు ఎక్కువ ఉండాలి. అంటే కింది రెక్క కొద్దిగా గట్టిది. మూడు వేళ్లూ బాణం కిందే పెట్టేవాళ్లకు రెండూ సమానంగా ఉన్నా సరే. కింది కొలత ఎక్కువగా ఉంటే పై రెక్కను మొత్తం పొడవునా తేలిగ్గా గీకండి. పై కొలత రెండు నూళ్లు దాటితే కింది రెక్కను.

వంపు ఆకారం కుదరకముందు ఈ తూకం కోసం వెంపర్లాడకండి. ఒక్కో రెక్కలో వంపు ముందు, రెండింటి తూకం తర్వాత.

7. బరువు పట్టుకోండి

చివరి అంగుళాల్లో ఒక్కో అంగుళానికి కిలో, కిలో పైచిలుకు చొప్పున బరువు పెరుగుతుంది. 20 అంగుళాలకు 15 కిలోలు వస్తే 26కు 21, 22 అవుతుందని లెక్క. ఇంకా చాలా తీయాలి. 24కు 15 వస్తే దగ్గరపడ్డారు, ఇక ఉప్పు కాగితమే. ఈ లెక్క ప్రకారం నిండు లాగుడుకు వచ్చే బరువు అనుకున్నదానికి ఒకటిన్నర కిలో పైన ఉండగానే గాజు పెంకు ఆపేయండి. నునుపు చెయ్యడంలో, మొదటి వంద బాణాల్లో అది తగ్గిపోతుంది. 15కే తెచ్చి ఆపినవాళ్ల విల్లు నెల తిరిగేసరికి 13 అయి కూర్చుంటుంది.

కొసలను ఇప్పుడు పక్కల నుంచి సన్నం చెయ్యండి, కొప్పు దగ్గర మూడు నూళ్ల వెడల్పు వరకు తీయొచ్చు. కొస తేలికైతే విల్లు చేతిని తక్కువ అదరగొడుతుంది. తాడు నడుస్తున్న గీత మాత్రం ప్రతిసారీ చూసుకోండి.

8. నునుపు, నూనె

80తో మొదలుపెట్టి 220 దాకా రుద్దండి, అంచులన్నీ గుండ్రంగా. గాజు గీతలు అడ్డంగా ఏవీ మిగలకూడదు. అవిసె నూనె పలుచగా మూడు పూతలు, ఒక్కో పూత బాగా ఆరనిచ్చి. పైన తేనెమైనం రుద్దితే వానకు కొంత ఆపుతుంది. పిడికి జనపతాడు గానీ తోలు గానీ చుట్టుకోండి.

9. సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

సిమెంటు నేల మీద ఎక్కుపెట్టిన విల్లు పడుకోబెట్టి సుద్దముక్కతో దాని చుట్టూ గీయండి. విల్లును తలకిందులుగా తిప్పి, పై రెక్క గీసిన చోట కింది రెక్క పెట్టండి. పిడి కాస్త పక్కకు ఉంటుంది కాబట్టి పిడి వాలులు కలిపి చూడాలి. గీత ఎక్కడ తప్పుతుందో అక్కడ ఒక రెక్క తేడా. ఏ పరికరమూ లేని చోట ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

ఫోన్ ఉంటే, ఎవరినైనా నిండుగా లాగమని పక్క నుంచి ఫొటో తీయండి. ఫోన్‌ను విల్లు నడిమి ఎత్తులో, నిటారుగా పట్టాలి. వంచి తీస్తే ఒక రెక్క పెద్దదిగా కనబడుతుంది. ఆ ఫొటోను తలకిందులు చేసి రెండూ పక్కపక్కన చూడండి.

దింపిన వెంటనే విల్లును గోడకు ఆనించి, రెక్కలు ఎంత వంగి ఉండిపోయాయో కొలవండి. గంట తర్వాత మళ్లీ కొలవండి. గంట తర్వాత కూడా విల్లు మొదట్లో ఉన్నదానికంటే కొసలు అంగుళం లోపే ముందుకు ఉంటే మంచి పని. ఒకటిన్నర దాటితే కర్ర పచ్చిగా ఉందనో, మధ్యలో ఎక్కడో ఎక్కువ లాగారనో అర్థం. ఏ రెక్క ఎక్కువ కుంగిందో చూడండి, ఆ రెక్కే ఎక్కువ పని చేస్తోంది. రెండోదాన్ని కొద్దిగా గీకండి.

వంద బాణాలు వేశాక ఐదో అంశం నుంచి ఏడో అంశం దాకా కొలతలన్నీ మళ్లీ చూడండి. మొదటి వందలో విల్లు కొంచెం మారుతుంది. ఆ తర్వాత నిలకడగా ఉంటుంది.

తప్పులు, వాటికి మందు

*మడత.* ఒక్కచోట మోచెయ్యిలా వంగుతుంది. వెంటనే లాగడం ఆపండి. దానికి అటూ ఇటూ ఉన్న భాగమంతా గీకి దానికి సమం చెయ్యండి. కర్ర మందం చాలకపోతే విల్లును తక్కువ బరువుకు ఒప్పుకోండి.

*ముడత.* పొట్ట మీద అడ్డంగా సన్నటి తెల్లగీతలు. వేలిగోరుతో తగులుతాయి. నార నలిగింది, అది తిరిగి రాదు. మిగతా రెక్క వంపు పెంచి ఆ చోటి భారం తగ్గిస్తే విల్లు ఇంకా పనిచేస్తుంది. గీతలు పెరుగుతున్నాయా అని ప్రతివారం చూడండి.

*పేడు లేవడం.* వీపు మీద నార లేచి నిలబడితే లాగడం ఆపండి. చిన్నదైతే లోపలికి జిగురు పోనిచ్చి, పేడు దాటి రెండంగుళాలు అటూ ఇటూ గట్టి దారం దగ్గరదగ్గరగా చుట్టి, మళ్లీ జిగురు పూయండి. రెక్క వెడల్పులో మూడో వంతు దాటి లేస్తే ఆ విల్లు పక్కన పెట్టేయండి. అతికించి పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి.

*మెలి.* వెదురులో ఇది మామూలే. రెక్కను కుంపటి నిప్పుల మీద జానెడు ఎత్తున తిప్పుతూ వేడిచేసి, చేత్తో తాకలేనంత వేడెక్కాక గుడ్డతో పట్టి ఎదురు వైపు తిప్పి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. పై తోలు రంగు మారేంతగా కాల్చకండి. ఒక రాత్రి వదిలేసి మర్నాడు ఎక్కుపెట్టండి.

*బరువు మరీ తగ్గిపోవడం.* రెండు కొసల్లో ముప్పావు అంగుళం చొప్పున కోసి కొత్త గంట్లు పెడితే బరువు కొంత పెరుగుతుంది. వంపు అప్పటికే నిండుగా ఉంటేనే ఇది చెయ్యాలి. లాగుడు పొడవుకు రెండున్నర రెట్ల కంటే విల్లు పొట్టి అవుతుందంటే వద్దు, ఇంట్లో తక్కువ బలం ఉన్నవాళ్లకు ఇచ్చేయండి. మీరు ఇంకోటి చేసుకోండి.

వానాకాలం జాగ్రత్త

ఆషాఢం నుంచి మన కొండల్లో గాలి తడిగానే ఉంటుంది. కర్ర ఆ తడి పీల్చితే విల్లు లాగుడు బరువు తగ్గుతుంది, రెక్కలు కుంగుతాయి. వాడనప్పుడు విల్లు దింపి ఉంచండి, రెండు మేకుల మీద అడ్డంగా. మూలన నిలబెడితే కింది రెక్క కుంగుతుంది. పొయ్యి పైన అటక మీద పెట్టేవాళ్లు ఉన్నారు. పొగ మంచిదే గానీ ఎండిపోయిన విల్లును దింపి వెంటనే నిండుగా లాగితే విరుగుతుంది, ఒకరోజు బయట గాలికి ఉంచాకే ఎక్కుపెట్టండి. దసరా దాటి గాలి పొడిబారాక రెక్కల మధ్య కొలత ఒకసారి మళ్లీ తీయండి. ముందు కొలతకూ దీనికీ తేడా ఒక నూలు లోపు ఉంటే ఏమీ చెయ్యక్కర్లేదు. ఎక్కువ ఉంటే గట్టిగా ఉన్న రెక్కను ఉప్పు కాగితంతో, మళ్లీ పాతిక సార్లు లాగి చూస్తూ.